కరువు సీమలో ఫాదర్ ఫెర్రర్

మన సంఘం ప్రత్యేక సంచిక కోసం, జిల్లాకు మేలు చేసిన పెద్దలలో ఒకరి జీవితం వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు నన్ను అడిగారు. సర్ థామస్ మన్రో గురించో, కల్లూరు సుబ్బారావుగారి గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. వారి గురించి నాకంటె బాగా వ్రాయగల సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఎన్నుకొన్నది ఈ జిల్లాలోనే కాదు, ఈ దేశంలోనే పుట్టని మనిషిని. నలభై ఏళ్ళు మన మధ్య ఉండి, 2009లో మన మట్టిలోనే కలిసిపోయిన విన్సెంట్ ఫెర్రర్‌గారిని. మన పల్లెల్లో ఆయనను పేరుపెట్టి పిలిచినవారు తక్కువ. ఫాదర్ అంటే చాలు, ఎవరో తెలిసిపోయేది.

ఆయన కట్టించిన ఇళ్ళెన్ని, తవ్వించిన బావులెన్ని అనే లెక్క నేను వ్రాయబోవడం లేదు. అవి ఆర్.డి.టి. వారి నివేదికలలో ఉంటాయి. నా మనసులో చాలాకాలంగా ఉన్న సంగతి వేరు. ఆయన జీవితంలో మూడు నాలుగుసార్లు అంతవరకు కట్టుకొన్నదంతా కూలిపోయింది. ఒకసారి యుద్ధంలో, ఒకసారి ప్రభుత్వ ఉత్తర్వుతో, ఒకసారి తన సొంత నిర్ణయంతో. ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. కక్ష లేదు, కంగారు లేదు. ఆ నిబ్బరం ఎక్కడినుంచి వచ్చింది అన్నదే నేను తెలుసుకోదలచిన విషయం.

నేను క్రైస్తవుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, తాలూకా ఆఫీసుల్లోనూ, తరువాత మండలాఫీసుల్లోనూ పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా సర్వీసులో సగం కరువు కాగితాలతోనే గడిచింది. వర్షపాతం పట్టీలు, అన్నావారీ లెక్కలు, శిస్తు వాయిదా ప్రతిపాదనలు, గంజి కేంద్రాలు, పశుగ్రాసం డిపోలు. ఇవన్నీ మన సభ్యులకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. మా ఆఫీసులో ఒక క్రైస్తవ టైపిస్టు ఉండేవాడు. లండన్ మిషన్ కాలంలో, తాతల నాడే చర్చిలో చేరిన కుటుంబం వాళ్ళది. వరుసగా మూడేళ్ళు చేను ఎండిపోయి, అతని అన్న ఎద్దులు అమ్ముకొని బెంగుళూరికి కూలికి పోయిన రోజుల్లో కూడా అతని ముఖంలో కలత కనిపించేది కాదు. ఎట్లా తట్టుకొంటున్నావప్పా అని నేను అడిగితే, మా ఇంట్లో సమాధానం ఉంది సార్ అనేవాడు. ఏ ప్రశ్నకు సమాధానమో నాకు అర్థమయ్యేది కాదు. తెలుగు బైబిలులో శాంతి అనే అర్థంలో వాడిన మాట సమాధానమే అని తరువాత తెలిసింది. మనకు సమాధానమంటే జవాబు. వాళ్ళకు మనసు కుదుటపడి ఉండడం. వాన రాలేదు, అప్పు తీరలేదు, అన్న తిరిగి రాలేదు. ఏ ప్రశ్నకూ జవాబు దొరకలేదు. అయినా సమాధానం ఉంది. ఫెర్రర్‌గారి సంగతులు విన్నప్పుడల్లా నాకు ఆ టైపిస్టు మాట గుర్తుకు వచ్చేది.

ఇక అసలు విషయానికి వస్తాను.

విన్సెంట్ ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో జన్మించారు. ఆ పేరుతోనే 1419లో మరణించిన ఒక ప్రసిద్ధ పునీతుడు ఆ దేశంలో ఉన్నారు. అయితే ఈయన బాల్యం భక్తిలో ఓలలాడిన బాల్యమేమీ కాదు. అవి స్పెయిన్ అట్టుడికిన రోజులు. 1931లో రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చింది. 1932లో కొత్త ప్రభుత్వం జెసూట్ గురువుల సభను రద్దు చేసింది. 1936లో జనరల్ ఫ్రాంకో తిరుగుబాటు చేయడంతో అంతర్యుద్ధం రాజుకొన్నది. బార్సిలోనాలో చర్చిలు తగలబడ్డాయి. దేశంలో వేలమంది గురువులు, కన్యాస్త్రీలు హత్యకు గురయ్యారు. అవతలి పక్షం చేసిన హత్యలూ తక్కువేమీ కావు. పదహారేళ్ళ విన్సెంట్ అప్పుడు కార్మికపక్ష రాజకీయాల వైపు మొగ్గినవాడు. లోకాన్ని మార్చాలంటే అదే దారి అని ఆ వయసులో ఎవరికైనా అనిపిస్తుంది.

1938లో, పద్ధెనిమిదేళ్ళు నిండగానే, రిపబ్లిక్ సైన్యంలోకి పిలుపు వచ్చింది. ఆ ఏడు పిలిచిన కుర్రవాళ్ళందరినీ కలిపి పాలసీసా దళం అని జనం పేరు పెట్టారట. అంత పసివాళ్ళు. వాళ్ళను తీసుకొనిపోయి ఎబ్రో నది ఒడ్డున నిలబెట్టారు. 1938 జులై నుంచి నవంబరు వరకు సాగిన ఆ పోరు అంతర్యుద్ధంలోకెల్లా పెద్దది. రిపబ్లిక్ ఓడింది. 1939 ఆరంభంలో, గడ్డకట్టే చలిలో, సైనికులు, ఆడవాళ్ళు, పిల్లలు కలిసి నాలుగు లక్షలకు పైగా జనం పిరనీస్ కొండలు దాటి ఫ్రాన్సులోకి నడిచారు. ఫెర్రర్ వారిలో ఒకడు. ఫ్రెంచివారు వారిని ఆర్జెలెస్ అనే చోట సముద్రపు ఒడ్డున ముళ్ళకంచె వేసి అందులో ఉంచారు. మొదట్లో అక్కడ కప్పు అన్నది లేదు. ఇసుకలో గుంతలు తవ్వుకొని అందులో పడుకొన్నారు. తాగే నీరు ఉప్పన. రోగాలతో చాలామంది పోయారు. మనకు సముద్రపు గాలి అంటే మద్రాసు మెరీనా గుర్తుకు వస్తుంది. మాఘమాసపు చలిలో, తడి ఇసుకలో, ఒంటిమీద ఒక్క దుప్పటితో ఉన్నవాడికి ఆ గాలి ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోవలసిందే.

అక్కడినుంచి స్వదేశానికి తిరిగి వస్తే గెలిచినవారు వదలలేదు. గలీసియా ప్రాంతంలోని బెటాన్సోస్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆ తరువాత ఫ్రాంకో సైన్యంలోనే సైనికసేవ చేయించారు. ఒక పక్షాన పోరాడి ఓడి, రెండు దేశాలలో కంచె వెనుక ఉండి, చివరకు గెలిచినవాడి తుపాకి భుజాన వేసుకోవలసి వచ్చింది. ఇదంతా ఇరవై ఏళ్ళు కాస్త అటూ ఇటూగా ఉన్న వయసులో. మనలో చాలామందికి ఆ వయసులో ఉన్న కష్టమల్లా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు ఎప్పుడు వస్తుందా అన్నదే.

యుద్ధం నుంచి ఇట్లా బయటపడినవారిలో కొందరు తాగుడులో పడ్డారు, కొందరు పగ పెంచుకొన్నారు, ఎక్కువమంది నోరు మూసుకొని బతికారు. ఫెర్రర్ న్యాయశాస్త్రం చదువు పట్టారు. దానిని మధ్యలో వదిలి 1944లో జెసూట్ సభలో చేరారు. తన పక్షం వారు రద్దు చేసిన సభ అది. పార్టీ జెండా కింద మనుషులకు చేయాలనుకొన్న మేలును సిలువ కింద చేయాలని నిర్ణయించుకొన్నారు. ఆయన మారినది దారి మాత్రమే, గమ్యం కాదని నాకు అనిపిస్తుంది.

జెసూట్ సభ గురించి ఒక్క మాట చెప్పాలి. విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీ వారిదే కనుక పేరు మనకు కొత్త కాదు. దానిని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా కూడా సిపాయే. 1521లో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, మంచంమీద పడి ఉన్న నెలల్లో మనసు దేవుని వైపు తిరిగినవాడు. ఆయన తన శిష్యులకు ఏర్పరచిన ధ్యాన పద్ధతిలో ఒక నియమం ఉంది. మనసు చీకటిగా, ఎండిపోయినట్లుగా ఉన్న రోజుల్లో, వెలుగు ఉన్న రోజుల్లో చేసుకొన్న తీర్మానాన్ని మార్చుకోరాదు. ఆ గడ్డురోజులు గడిచేవరకు పట్టు వదలకుండా ఉండాలి. ప్రార్థన తగ్గించడం కాదు, పెంచాలి. కరువు దేశపు రైతుకు ఈ నియమం ఒకరు చెప్పనక్కరలేదు. వాన లేని ఏడు కూడా దుక్కి దున్ని పెట్టుకొంటాడు కదా! ఫెర్రర్‌గారి తరువాతి జీవితమంతా నాకు ఈ ఒక్క నియమం మీద నడిచినట్లు కనిపిస్తుంది.

1952 ఫిబ్రవరిలో ఆయన బొంబాయిలో ఓడ దిగారు. కొన్నేళ్ళకు నాసిక్ జిల్లాలోని మన్మాడ్‌కు పంపారు. గుంతకల్లు మిత్రులకు మన్మాడ్ జంక్షన్ బాగా తెలుసు. అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ పోయేవారు ఆ స్టేషను మీదుగానే పోవాలి. ఆ పరిసరాలు కూడా మన నేల వంటివే. వాన తక్కువ, రాయి ఎక్కువ. అక్కడి రైతులకు కావలసింది ఉపదేశం కాదు, నీరు అని ఆయనకు కొద్దిరోజుల్లోనే అర్థమైంది. బావి తవ్వుకొనేవారికి గోధుమలు, వంటనూనె ఇచ్చి, తవ్వే కాలంలో ఇల్లు గడిచే ఏర్పాటు చేశారు. వడ్డీ లేని అప్పు, ఇంజన్లు, విత్తనాలు తరువాత వచ్చాయి. ఒకరి బావిలో నీరు పడితే పక్క ఊరివాళ్ళు వచ్చి నిలబడ్డారు. మనిషిని నమ్మి ఇస్తే తిరిగి ఇస్తాడన్నది ఆయన లెక్క. ఈ లెక్క ఖజానా నిబంధనలకు ఎక్కడా సరిపోదు. అయినా అక్కడ సాగింది.

పని పెరిగినకొద్దీ అనుమానం పెరిగింది. విదేశీ పాదరీ ఇంతమంది రైతులను ఎందుకు కూడగడుతున్నాడు, మతం మార్చడానికే కదా అన్నారు కొందరు. పలుకుబడి తగ్గిపోతున్న పెద్ద కమతందారులకు, రాజకీయ నాయకులకు ఆ మాట అక్కరకు వచ్చింది. ఆ రోజుల్లో అటువంటి అనుమానానికి మన దేశంలో కారణాలే లేవని నేను అనను. వలస పాలన పోయి ఇరవై ఏళ్ళే అయింది. కాని ఆయన విషయంలో బావులే కనబడ్డాయి గాని బాప్తిస్మాల పట్టీ కనబడలేదు. చివరకు దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. 1968లో సుమారు ముప్ఫైవేలమంది రైతులు ఆయనకోసం మన్మాడ్ నుంచి బొంబాయి దాకా, దాదాపు 250 కిలోమీటర్లు నడిచారు. వారిలో చాలామంది హిందువులే. అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు ఒక మధ్యేమార్గం చూశారు. ఫాదర్ కొన్నాళ్ళు విదేశాలలో సెలవు గడిపి వస్తారని, తిరిగి వచ్చినప్పుడు ఈ దేశం ఆహ్వానిస్తుందని తెలియజేశారు. ఆయన విమానం ఎక్కారు.

ఈ ఘట్టం దగ్గర నేను కాస్త ఆగుతాను. పదిహేనేళ్ళకు పైగా చేసిన పని చేతిలోనుంచి జారిపోయింది. బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చినప్పుడు మనం ఎంత కుమిలిపోయామో గుర్తు చేసుకొంటే తెలుస్తుంది. ఆ ముప్ఫైవేలమందిని వెనక పెట్టుకొని ఆయన గొడవ పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. తన మీద ఉత్తర్వు ఇచ్చినవారి గురించి తరువాత ఎన్నడూ చేదుగా మాట్లాడిన జాడ కూడా లేదు. దేవుడు ఒక తలుపు మూస్తే ఆ తలుపు బాదుతూ కూర్చోవడం ఆయన పద్ధతి కాదు. అట్లాగని తీర్మానం మార్చుకోనూ లేదు. తిరిగి వస్తాను, పేదలతోనే ఉంటాను అన్నదే ఆ తీర్మానం.

1969లో తిరిగి వచ్చారు. మహారాష్ట్రలోకి పోవడానికి వీలులేదు. ఆయనను రానివ్వడానికి ఒప్పుకొన్నది కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉన్న మన ఆంధ్రప్రదేశ్. చూపిన చోటు అనంతపురం.

మన జిల్లా సంగతి మనకు తెలియనిదా! పడమటి కనుమలు నైరుతి మేఘాలను అక్కడే పిండేస్తాయి. ఈశాన్యపు వానలు తూర్పు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి చిక్కిపోతాయి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తరువాత మనదే తక్కువ వాన అని స్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఆ 550 కూడా పట్టీలో కూడితే వచ్చే లెక్కే గాని చేనుకు కావలసిన నాడు పడేది కాదు. బళ్ళారి జిల్లా నుంచి 1882లో అనంతపురం విడిపడేనాటికి, 1876-78 నాటి ధాత కరువు మిగిల్చిన పాడు ఇళ్ళు ఇంకా ఊళ్ళలో నిలబడే ఉన్నాయట. పెన్న, చిత్రావతి, హగరి పేరుకు నదులు. మనుషులకంటె ఇసుక ఎక్కువ చూసినవి. బుక్కరాయసముద్రం, శింగనమల వంటి చెరువులు కట్టించిన పూర్వులకు ఈ నేల గుణం తెలుసు. తరువాత వచ్చిన మనం వేరుశనగ ఒక్కటే వేసి, బోర్లు దించి, ఉన్న నీటిని కూడా పాతాళానికి పంపాము.

ఇటువంటి చోటికి ఆయన కొద్దిమంది సహచరులతో వచ్చారు. స్వాగత తోరణాలేమీ లేవు. మహారాష్ట్రలో వచ్చిన అనుమానమే ఇక్కడికీ ముందుగా చేరింది. వెళ్ళిపొమ్మని పట్టుపట్టినవారు పట్టణంలో ఉన్నారు. ఆయనకు దొరికిన ఇల్లు ఖాళీ ఇల్లు. అందులో గోడమీద ఎవరో వదిలిపోయిన ఒక కాగితం, అద్భుతం జరుగుతుంది, ఎదురుచూడు అన్న అర్థం వచ్చేది, వేలాడుతూ ఉండిందని చెప్పుకొంటారు. దానిని చూసి ఆయన ధైర్యం తెచ్చుకొన్నారని కథ. ఇక్కడ అద్భుతమంటే కూర్చొని ఎదురుచూడడమని ఆయన అర్థం చేసుకోలేదు. మన సీమలో కూడా దేవుడే దిక్కు అంటాము. ఆ మాట అన్నామంటే సాధారణంగా చేతులు ఎత్తేసినట్లే. ఫెర్రర్‌గారికి అదే మాట పని మొదలుపెట్టేటప్పటి మాట. డబ్బు చేతికి వచ్చాక బావి తవ్వుదామని కాదు. బావి తవ్వడం మొదలుపెడితే డబ్బు వస్తుంది, పంపేవాడు ఉన్నాడు అని. మా ఆఫీసులో పరిపాలనామోదం లేకుండా మేకు కొనడానికి వీలులేదు. ఆయనకు ఆ ఆమోదం ఎక్కడో పైన, ముందే అయిపోయినట్లు ఉండేది!

ఆ తరువాతి ఏడాది జరిగిన సంగతిని కొందరు మొగమాటంకొద్దీ దాటవేస్తారు. నేను దాటవేయను. 1970లో ఆయన జెసూట్ సభనుంచి బయటకు వచ్చారు. ఆ సంవత్సరమే, బొంబాయిలో పత్రికా విలేఖరిగా ఉంటూ మన్మాడ్ ఉద్యమం గురించి వ్రాయడానికి వచ్చి ఆ పనిలోనే నిలిచిపోయిన ఇంగ్లండు వనిత అన్నే పెర్రీగారిని వివాహం చేసుకొన్నారు. దారిద్ర్యం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు వ్రతాలు పట్టిన గురువు ఆ అంగీ విడిచిపెడితే విశ్వాసులకు నొప్పి కలగడం సహజం. కలిగింది కూడా. విశ్వాసమే పోయిందన్నవారూ ఉన్నారు. ఇరవై ఆరేళ్ళు తనను పోషించి, తీర్చిదిద్దిన ఇల్లు అది. ఆ ఇల్లు విడిచి రావడం ఆయనకు మాత్రం సులభమై ఉంటుందా?

అంగీ పోయినా ఆయన ప్రార్థన పోలేదు, దేవునిమీద భారం వేయడం పోలేదు. మూడు వ్రతాలలో మొదటిది, పేదరికం, అంగీ విడిచాకనే ఆయన మరింత గట్టిగా పట్టుకొన్నట్లు కనిపిస్తుంది. మంచిపనే ప్రార్థన అన్నది ఆయన విశ్వాసం. చర్చిలో మోకరించి చేసేదానికి, దళితవాడలో గుడిసె పక్కన కూర్చొని చేసేదానికి ఆయన తేడా చూడలేదు. ఈ అభిప్రాయంతో ఏకీభవించని క్రైస్తవ మిత్రులు నాకు ఉన్నారు. పని పనే, ప్రార్థన ప్రార్థనే అని మా టైపిస్టు కూడా వాదించేవాడు. ఆ చర్చలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. విశ్వాసానికి ఫలం మనశ్శాంతి అయితే, అది ఆ మనిషి దగ్గర చివరిదాకా ఉంది అని మాత్రం చెప్పగలను.

మొదలుపెట్టిన సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. ఆర్.డి.టి. మొదట్లో కొద్ది ఊళ్ళు. బావులు, గట్లు, రాతి కట్టలు, ఊటకుంటలు, చెక్‌డ్యాములు. పడిన చినుకు ఊరు దాటకుండా చేయడం. తరువాత దళితవాడల్లో, సుగాలి తండాల్లో సాయంకాలపు బడులు. ఇంట్లో బడి ముఖం చూసినవారు లేని పిల్లలకు ఆ బడులే మొదటి మెట్టు. తరువాత పక్కా ఇళ్ళు. ఇంటి పత్రం ఇంటి ఆడమనిషి పేరున. మా తాలూకా ఆఫీసులో పట్టా పుస్తకాల్లో ఆడపేరు కనిపిస్తే ఆమె వితంతువు అయి ఉండాలి అనుకొనే రోజులవి. అటు తరువాత ఆసుపత్రులు. 2000లో తెరిచిన బత్తలపల్లి ఆసుపత్రి అందరికీ తెలిసిందే. కళ్యాణదుర్గంలో, కణేకల్లులో కూడా వచ్చాయి. చూపులేని పిల్లలకు, చెవిటి పిల్లలకు బడులు. హెచ్.ఐ.వి. రోగిని సొంతవాళ్ళే గడప దాటనివ్వని రోజుల్లో వాళ్ళను చేర్చుకొన్నది బత్తలపల్లిలోనే.

తనిఖీలకని నేను తిరిగిన ఊళ్ళలో ఒకటి గమనించాను. ఆర్.డి.టి. ఇళ్ళు వచ్చిన వాడల్లో మారెమ్మ గుడి మారెమ్మ గుడిగానే ఉంది. ఆంజనేయస్వామి దీపం ఆరలేదు. సంస్థ కార్యకర్తల్లో ఎక్కువమంది మన హిందువుల పిల్లలే. ఫలానా దేవుణ్ణి నమ్మమని వారు ఎవరికీ చెప్పలేదు. తన బలమంతా క్రీస్తు దగ్గర నుంచి తెచ్చుకొన్న మనిషి, ఆ బలాన్ని పంచేటప్పుడు ఎవరి పేరూ అడగలేదు. ఇది చాలామందికి అర్థం కాలేదు. అసలు మతం మార్చనివాడు ఏమి పాదరీ అని ఒక వైపు, మార్చకుండా ఎందుకు ఉంటాడు అని మరో వైపు. రెండు వైపుల నుంచీ ఆయన అనుమానం భరించారు.

ఆయన రాకతో కరువు పోయిందని వ్రాస్తే మన సభ్యులే నవ్వుతారు. కరువు పోలేదు. తొంభైల చివర్లో, 2000 తరువాత, ఈ జిల్లాలో ఎంతమంది వేరుశనగ రైతులు అప్పుల పాలై ప్రాణాలు తీసుకొన్నారో ఆ ఫైళ్ళు వ్రాసిన చేతులు మనవే. ముప్ఫై ఏళ్ళు పనిచేసిన తరువాత, కళ్ళముందే ఇట్లా జరుగుతుంటే ఏ మనిషికైనా, నేను చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరే కదా అని అనిపించాలి. ఇగ్నేషియస్ నియమం నాకు మళ్ళీ ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఆయన పద్ధతి మార్చారు, చెట్లు పెంచమన్నారు, పశువులు పెట్టుకోమన్నారు, పండ్లతోటలు వేయించారు. పని ఆపలేదు. వాన తన చేతిలో లేదు. పని తన చేతిలో ఉంది. ఈ రెంటికీ మధ్య ఉన్న గీత ఆయనకు స్పష్టంగా కనిపించేది. మన అశాంతిలో ముప్పాతిక భాగం ఆ గీత చెరిగిపోవడం వల్లనే అని నా అభిప్రాయం.

డబ్బు కష్టాలు కూడా తక్కువేమీ కావు. 1996లో, 76 ఏళ్ళ వయసులో, సంస్థ నిలబడాలంటే కొత్త ఆసరా కావాలని స్పెయిన్‌లో తన పేరిట ఒక ఫౌండేషన్ పెట్టవలసి వచ్చింది. మనం పింఛను పెరుగుదల కోసం అర్జీలు పెట్టుకొనే వయసు అది. ఒకనాడు ముళ్ళకంచె వెనుక పెట్టిన దేశంలోనే ఇంటింటివారు నెలనెలా కొంత పైకం, ఒక్కొక్క పిల్లవాడి పేరు మీద, పేరు కూడా పలకరాని అనంతపురం ఊళ్ళకు పంపడం మొదలుపెట్టారు. 1998లో ఆ దేశం తన పెద్ద గౌరవాలలో ఒకటైన ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియస్ పురస్కారాన్ని ఆయనకు ఇచ్చింది. ఆ పురస్కారం వల్ల అనంతపురంలో ఆయన దినచర్య మారినట్లు ఎవరూ చెప్పుకోలేదు.

నేను ఆయనను దగ్గరగా ఎరిగినవాణ్ణి కాను. కళ్యాణదుర్గం రోడ్డులో రెండు మూడుసార్లు జీపులో పోతుండగా చూశాను. ఒకసారి ఒక ఊరి చావిడి దగ్గర, ఆడవాళ్ళ మధ్యలో కుర్చీలో కూర్చొని ఉండగా చూశాను. ఎండ మండిపోతోంది. ఒక ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకొని ఏదో గట్టిగా చెబుతోంది, బహుశా ఇల్లు రాలేదని తగవు. ఆయన చెయ్యి విడిపించుకోలేదు. నాకు పని ఉండి బయలుదేరాను. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆ జీపు అక్కడే ఉంది.

2009 మార్చిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. జూన్ 19న అనంతపురంలో కన్నుమూశారు. 89 ఏళ్ళు. అన్నేగారు, పిల్లలు, ఆయన తయారుచేసిన మనుషులు పని అందుకొన్నారు. కుమారుడు మాంచో ఫెర్రర్ మన ఊరి యాసలోనే తెలుగు మాట్లాడతారు. 2022లో జిల్లా రెండయ్యాక బత్తలపల్లి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. ఆయన సమాధి అక్కడే, ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే.

ఆ జూన్ నెలలో దేశమంతటా వానలు ముఖం చాటేశాయి. ఏరువాక సాగక, విత్తనపు కాయలు ఇంకా మూటల్లోనే ఉన్నాయి. ఆ మూటలు ఇళ్ళలో ఉంచి, లారీలలో, ట్రాక్టర్లలో, కాలినడకన, వేలాదిమంది బత్తలపల్లికి వచ్చారు. కొబ్బరికాయలు, ఊదుబత్తులు, పూలదండలు తెచ్చారు. మా టైపిస్టు కూడా వచ్చాడు. అప్పటికి అతనూ పింఛనుదారుడే. సమాధి దగ్గర తన పద్ధతిలో ప్రార్థన చేసుకొన్నాడు. అతని పక్కన ఒక ముసలాయన, నుదుట విభూతి పెట్టుకొన్నవాడు, కర్పూరం వెలిగించి గాలికి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డుపెట్టాడు.